"ఎవరండీ?" – "నేనే!" : సీ ప్లస్ ప్లస్‌లో రకాల విచారణ కథ

తెల్లవారుఝామున వీధి తలుపు చప్పుడవుతుంది. లోపలినుంచి "ఎవరండీ?" అని అడుగుతాం. బయటినుంచి వచ్చే జవాబు తరతరాలుగా ఒక్కటే: "నేనే!" ఆ 'నేను' ఎవరో తేలదు. తేలకపోయినా తలుపు తీయవలసినదే.

ఇక్కడ గృహస్థులు రెండు విధాలు. ఒకరు "ఈ వేళకు వచ్చేది పాలబ్బాయి గాక మరెవరు?" అని నిశ్చయించుకొని, గిన్నె పట్టుకొని నేరుగా తలుపు తీసి గిన్నె చాపుతారు. మరొకరు కిటికీలోంచి తొంగిచూసి, పాలబ్బాయి అయితే గిన్నె, పేపరబ్బాయి అయితే చేయి, అప్పులవాడైతే మౌనం – ఏది తగునో అది చేస్తారు. మొదటివారికి కిటికీ దాకా నడిచే శ్రమ లేదు. కానీ వచ్చినవాడు పాలబ్బాయి కాని రోజున ఏం జరుగుతుందో చెప్పలేం. రెండవవారికి ప్రమాదం లేదు గాని ప్రతిరోజూ కొన్ని అడుగులు వృథా.

ప్రోగ్రామింగ్ భాషలలో అరవై ఏళ్లుగా సాగుతున్న ఒక వివాదం సరిగ్గా ఇదే. ఒక వస్తువు ఏ రకానికి చెందినదో కంపైల్ అయ్యేటప్పుడే నిశ్చయించి నమ్మి సాగిపోవాలా, లేక ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆ వస్తువునే అడిగి తెలుసుకోవాలా? మొదటిది క్యాస్ట్ మార్గం. రెండవది రన్‌టైమ్ రకసమాచార మార్గం. సీ ప్లస్ ప్లస్ వారు దానిని ముద్దుగా ఆర్‌టీటీఐ అంటారు. ఈ రెండింటి చరిత్రనూ నాకు తెలిసినంతలో, ప్రోగ్రామర్లు కాని మిత్రులకు కూడా అందేటట్టు చెప్పాలన్నది ఈ టపా సంకల్పం.

ముందుగా సమస్య ఎక్కడ పుడుతుందో చూద్దాం. మన తెలుగులోనే దానికి చక్కని ఉదాహరణ ఉంది. "వచ్చింది" అన్నామనుకోండి. వచ్చినది అమ్మాయా, ఆవా, ఉత్తరమా, బస్సా? ఆ క్రియకు తెలిసినదల్లా వచ్చినది మహద్వాచకం కాదన్నంత వరకే. 'అమ్మాయి వచ్చింది' అన్న వాక్యంలోనుంచి 'అమ్మాయి'ని తీసివేసిన క్షణంలో విశేషమంతా పోయి సామాన్యం మాత్రమే మిగులుతుంది. ప్రోగ్రాములలోనూ అంతే. 'వృత్తం', 'త్రిభుజం' అనే క్లాసులు 'ఆకారం' అనే మూలక్లాసునుంచి పుట్టాయనుకోండి. వృత్తాన్ని ఆకారం అని పిలవడంలో ఏ ప్రమాదమూ లేదు. ప్రతి వృత్తమూ ఆకారమే గనుక. సంగీత పరిభాషలో దీనిని ఆరోహణ అందాం. చిక్కంతా అవరోహణలోనే. చేతిలో ఉన్నది 'ఏదో ఒక ఆకారం'. అది వృత్తమేనని ఎవరు హామీ ఇస్తారు?

* * *

ఈ ప్రశ్నను మొదట ఎదుర్కొన్నవారు నార్వే దేశస్థులు. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు 1967లో సిములా 67 అనే భాషను లోకానికి ప్రకటించారు. క్లాసు, ఉపక్లాసు, వర్చువల్ ప్రొసీజరు – నేడు మనం నిత్యం వాడే ఈ సరంజామా అంతా ఆ భాషలో పుట్టినదే. అవరోహణ ప్రశ్నకు వారి సమాధానం కూడా అందులోనే ఉంది. 'క్వా' అని ఒక పదం పెట్టారు. లాటినులో దాని అర్థం 'ఆ హోదాలో' అని. "ఈ ఆకారాన్ని వృత్తం హోదాలో చూడు" అంటే, కంపైలర్ తానుగా తేల్చుకోలేని చోట ప్రోగ్రాము నడిచేటప్పుడు పరీక్ష జరుగుతుంది. వృత్తం కాకపోతే అక్కడే తప్పు బయటపడుతుంది. 'ఇన్‌స్పెక్ట్' అని మరొక వాక్యం పెట్టారు. "ఇది వృత్తమైనప్పుడు ఇలా చెయ్యి, త్రిభుజమైనప్పుడు అలా చెయ్యి, ఏదీ కాకపోతే మరొకలా చెయ్యి" అని రాసుకోవడానికి. అంటే కిటికీలోంచి చూసే గృహస్థుని పద్ధతి. వీరిద్దరికీ 2001వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం దక్కింది. 2002లో కొద్ది వారాల తేడాతో ఇద్దరూ కన్నుమూశారు.

సముద్రానికి అవతల, అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో, ఇందుకు సంపూర్ణంగా భిన్నమైన సంప్రదాయం పెరుగుతోంది. బీసీపీఎల్, దానినుంచి కెన్ థామ్సన్ చేసిన బీ – ఈ రెండింటిలోనూ రకాలన్నవే లేవు. ఉన్నది యంత్రపదం ఒక్కటే. దానిని అంకె అనుకుంటే అంకె, చిరునామా అనుకుంటే చిరునామా. డెన్నిస్ రిచీ 1971–73 మధ్య బీ భాషకు రకాలు చేర్చి సీ భాషను నిర్మించాడు. రకాలు వచ్చాక వాటిని మార్చుకునే ఉపాయమూ కావలసివచ్చింది. ఆల్గాల్ 68 నుంచి 'క్యాస్ట్' అన్న పేరును తెచ్చుకొని, కుండలీకరణాలలో రకం పేరు రాస్తే చాలునని ఏర్పాటు చేశారు. ఈ క్యాస్టుకూ కులానికీ చుట్టరికం లేదు. ఇది లోహాన్ని అచ్చులో పోసే పోత. పోసినది బంగారమో సీసమో అచ్చుకు అనవసరం. పాయింటర్ల విషయంలో సీ భాష క్యాస్ట్ కూడా అంతే. "ఇది పాలబ్బాయే" అని ప్రోగ్రామర్ చెబితే కంపైలర్ చేతులు జోడించి "చిత్తం" అంటుంది.

ఈ రెండు సంప్రదాయాల సంగమంలో పుట్టినదే సీ ప్లస్ ప్లస్.

* * *

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పుట్టిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జ్‌లో డాక్టరేటు పరిశోధనకోసం ఒక సిమ్యులేటర్‌ను సిములాలోనే రాశాడు. రాయడం హాయిగా సాగింది గాని నడవడం మాత్రం నరకమైంది. లెక్కవేసి చూస్తే ఎనభై శాతానికి పైగా కాలం చెత్తజ్ఞాపకాన్ని ఏరివేసే పనిలోనే ఖర్చవుతోంది – ఏరవలసిన చెత్త ఒక్కటీ లేకపోయినా! నడిచేటప్పుడు రకాలను పరీక్షించడం కూడా ఆ భారంలో ఒక భాగమే. చివరికి దానిని బీసీపీఎల్‌లో తిరగరాయవలసి వచ్చింది. వేగం వచ్చింది, సుఖం పోయింది. 1979లో బెల్ ల్యాబ్స్‌లో చేరాక ఆయన మొదలుపెట్టిన 'సీ విత్ క్లాసెస్' వెనుక ఉన్నది ఈ అనుభవమే. 1983లో వర్చువల్ ఫంక్షన్లు చేరాయి. అదే ఏడు సీ ప్లస్ ప్లస్ అన్న పేరూ స్థిరపడింది. 1985లో కంపైలర్ బయటివారి చేతికి వచ్చింది. వాడని సౌకర్యానికి మూల్యం చెల్లించనక్కరలేదన్నది ఆ భాషకు ఆదినుంచీ ధర్మసూత్రం.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. సిములానుంచి క్లాసులు తెచ్చుకున్నాడు, వర్చువల్ ఫంక్షన్లు తెచ్చుకున్నాడు. 'క్వా', 'ఇన్‌స్పెక్ట్' మాత్రం తెచ్చుకోలేదు. మరపున పడి కాదు, బుద్ధిపూర్వకంగానే వదిలిపెట్టాడు. కారణం వేగం ఒక్కటే కాదు. ఆ సౌకర్యం ఉంటే జనం దానిని దుర్వినియోగం చేస్తారన్నది ఆయన భయం. సిములాలో తన కళ్లతో చూసినదే. ఆకారాలను గీయవలసి వస్తే "వృత్తమైతే ఇలా, త్రిభుజమైతే అలా" అని రాసుకుంటూ పోతారు. రేపు షడ్భుజి వచ్చి చేరితే, ప్రోగ్రామంతా వెతికి అటువంటి ప్రతిచోటా మరొక పంక్తి చేర్చాలి. ఒక్కచోట మరచినా తప్పే. దానికి బదులు ఆకారాన్నే "నిన్ను నువ్వు గీసుకో" అని అడిగితే – వర్చువల్ ఫంక్షన్ అంటే అదే – ఎవరు నువ్వని అడిగే పనే ఉండదు. పాలబ్బాయి తానే పాలు పోసి పోతాడు, పేపరబ్బాయి తానే పేపరు విసిరి పోతాడు. తలుపు తీసేవారికి వారి పేర్లతో పనిలేదు. సిద్ధాంతంగా ఇది ఎంతో అందమైనది. ఈనాటికీ మంచి సలహానే.

అయితే లోకం సిద్ధాంతానికి లొంగదు కదా. ఒక గ్రంథాలయం – అంటే పుస్తకాలది కాదు, ప్రోగ్రాములది – 'డైలాగ్ బాక్స్' అనే క్లాసు ఇచ్చిందనుకోండి. దాని మూలపాఠం మన చేతిలో లేదు. మనం దానినుంచి 'అక్షరాలు నింపుకొనే డైలాగ్ బాక్స్' అని ఒక వారసుని పుట్టించి ఆ గ్రంథాలయానికే అప్పగించాం. తిరిగి అది మనకు ఇచ్చేది మాత్రం ఒట్టి 'డైలాగ్ బాక్స్'. మూలక్లాసుకు కొత్త వర్చువల్ ఫంక్షన్ చేర్చే అధికారం మనకు లేదు. ఇప్పుడు "నువ్వు నా మనిషివేనా?" అని అడిగి తీరాలి. వస్తువులను ఫైలులో భద్రపరచి తిరిగి చదువుకొనే వారికీ ఇదే అవసరం పడింది.

భాష ఇవ్వకపోతే జనం ఊరుకుంటారా? ఎవరి కిటికీ వారే కట్టుకున్నారు. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కీత్ గార్లెన్ నిర్మించిన గ్రంథాలయంలో ఒక పద్ధతి. ఈటీ ప్లస్ ప్లస్‌లో మరొకటి. మైక్రోసాఫ్ట్ వారి ఎంఎఫ్‌సీలో మాక్రోలతో అల్లిన ఇంకొకటి. దేని ఎత్తు దానిదే, దేని గొళ్లెం దానిదే. రెండు గ్రంథాలయాలను ఒకే ప్రోగ్రాములో వాడవలసి వస్తే ఒకదాని భాష మరొకదానికి తెలియదు. దుర్వినియోగం జరుగుతుందని సౌకర్యాన్ని ఆపితే, దుర్వినియోగం ఆగలేదు సరికదా, నాలుగు రకాలుగా జరిగింది.

స్ట్రౌస్ట్రప్‌లో నాకు నచ్చే గుణం ఇక్కడే కనిపిస్తుంది. తన నిర్ణయం తనకే ఎదురు తిరిగిందని ఒప్పుకున్నాడు. 1992లో హ్యూలెట్ ప్యాకార్డ్‌కు చెందిన డిమిత్రీ లెంకోవ్‌తో కలిసి రన్‌టైమ్ రకసమాచారాన్ని ప్రతిపాదించాడు. పైగా అప్పటికే భాషలోకి వచ్చిన ఎక్సెప్షన్లు, విసిరినది ఏ రకమో నడిచేటప్పుడు తెలిస్తేగాని పట్టుకోలేవు. అంటే దొడ్డిదారిన ఆ సమాచారం అప్పటికే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. 1993లో ప్రమాణ సంఘం ఆమోదించింది. 1998 నాటి తొలి ఐఎస్ఓ ప్రమాణంలో అది భాగమైంది.

* * *

ఆ ఆమోదంతో వచ్చినవి రెండు ప్రధాన సాధనాలు. మొదటిది డైనమిక్ క్యాస్ట్. "ఇది వృత్తమైతే వృత్తంగా ఇవ్వు" అని పాయింటర్‌ను అడిగితే, నిజంగా వృత్తమైతే ఇస్తుంది, కాకపోతే శూన్యపాయింటర్ ఇస్తుంది. రిఫరెన్సును అడిగితే శూన్యం ఇవ్వడానికి వీలులేదు గనుక ఎక్సెప్షన్ విసురుతుంది. రెండవది టైప్ఐడీ – సూటిగా "నీ రకమేమిటి?" అన్న ప్రశ్న.

లోపల జరిగేది చిత్రమేమీ కాదు. వర్చువల్ ఫంక్షన్ ఉన్న ప్రతి వస్తువులోనూ ఒక రహస్యపాయింటర్ ఉంటుంది; అది ఆ క్లాసు ఫంక్షన్ల పట్టికను చూపుతుంది. ఆ పట్టికలోనే, చాలా కంపైలర్లలో మొదటి ఫంక్షన్‌కు సరిగ్గా ముందు గడిలో, రకవివరాల చిరునామా పెట్టారు. అందుకే ఒక్క వర్చువల్ ఫంక్షనైనా లేని క్లాసుమీద డైనమిక్ క్యాస్ట్ చెల్లదు. ఆ వస్తువుకు పట్టికే లేదు, అడిగినా "నేనే" అని తప్ప చెప్పలేదు. వస్తువు పరిమాణం పెరగలేదు, అడగనివారికి కాలం ఖర్చు లేదు. అడిగినవారు మాత్రం వారసత్వ వృక్షమంతా తిరిగి, కొన్ని సందర్భాలలో పేర్లను అక్షరాలవారీగా పోల్చి తేల్చుకోవాలి. దానితో పోలిస్తే స్టాటిక్ క్యాస్ట్ పని ఒక కూడికో తీసివేతో. చాలాసార్లు అదీ లేదు.

ఆ స్టాటిక్ క్యాస్ట్ కూడా 1993 నాటిదే. రీఇంటర్‌ప్రెట్ క్యాస్ట్, కాన్‌స్ట్ క్యాస్ట్ అనే ఇద్దరు తమ్ముళ్లతో సహా వచ్చింది. పాత కుండలీకరణాల క్యాస్ట్ చేసే పనులను విడదీసి వేర్వేరు పేర్లు పెట్టారు. పేర్లు పొడవైనవి, చూడటానికి వికారమైనవి. అది ఉద్దేశపూర్వకమే. వికారమైన పని వికారంగానే కనిపించాలని, వెతికితే దొరకాలని. ఒట్టి కుండలీకరణాలను ఫైళ్లలో వెతకడం గడ్డివాములో సూది వెతకడమే.

ఈ విభజన ఎంత అవసరమో నాకు పుస్తకం నేర్పలేదు. ఇరవై ఏళ్ల కిందటి మాట; కొలువులో చేరిన కొత్తలు. పేరు అనవసరమైన ఒక సంస్థలో ఒక పెద్ద ప్రోగ్రాము. అందులో ఒక క్లాసుకు ఇద్దరు తండ్రులు – బహుళ వారసత్వం అంటారు. అటువంటి వస్తువులో రెండవ తండ్రి భాగం మొదట్లో కాక కొన్ని బైట్ల తరువాత ఉంటుంది. రెండవ తండ్రి పాయింటర్‌నుంచి బిడ్డ పాయింటర్‌కు దిగాలంటే ఆ బైట్లను వెనక్కి జరపాలి. పాత పద్ధతి క్యాస్ట్ ఆ పని తనంతట తానే చేస్తుంది – క్లాసు నిర్వచనం కనిపించినంత కాలం. ఒక రోజు కంపైల్ త్వరగా కావాలని ఎవరో ఒక ఫైలులోనుంచి ఆ హెడర్‌ను తీసివేసి, క్లాసు పేరును మాత్రం ప్రకటించి వదిలారు. ఆ ఫైలు చేసే పనల్లా పాయింటర్‌ను అచ్చుపోసి మరొక ఫంక్షన్‌కు అందించడమే గనుక హెడర్ అక్కరలేదనిపించింది. కంపైలర్ కిక్కురుమనలేదు. కానీ నిర్వచనం కనిపించక, అవే కుండలీకరణాలకు ఇప్పుడు అర్థం మారిపోయింది: జరపడం లేదు, ఉన్న చిరునామానే కొత్త పేరుతో పిలవడం. నాలుగు బైట్లు పక్కకు. 'భద్రపరచు' అని పిలిస్తే 'మూసివేయి' అన్నది పలికింది. కొందరి రోజంతటి శ్రమ మూతబడ్డ ఫైళ్లతో పోయింది. కారణం పట్టడానికి మాకు రెండు వారాలు పట్టింది. అక్కడ స్టాటిక్ క్యాస్ట్ ఉండి ఉంటే, నిర్వచనం లేదని కంపైలర్ ఆ ఉదయమే మొరాయించేది.

* * *

రన్‌టైమ్ సమాచారం ప్రమాణంలోకి వచ్చింది గనుక కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ 2005 దాకా దానిని అడిగితే తప్ప ఇచ్చేది కాదు. జీసీసీలో వద్దనుకొనే మీట ఉంది. గూగుల్ వారి బహిరంగ శైలీసూత్రాలు దానికి వీలైనంత దూరంగా ఉండమన్నాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్ మొదలుపెట్టిన ఎల్ఎల్‌వీఎం – కంపైలర్లను నిర్మించే సరంజామా – దానిని పూర్తిగా పక్కకు పెట్టి, ప్రతి క్లాసుకూ ఒక సంఖ్య ఇచ్చి, తన సొంత 'డిన్ క్యాస్ట్' కట్టుకుంది. సిములా పుట్టిన ఓస్లో నగరంలోనే పెరిగిన క్యూటీ గ్రంథాలయానికీ సొంత క్యాస్ట్ ఉంది. 1980లలో కిటికీ లేదని ఎవరిది వారు కట్టుకున్నారు. ఇప్పుడు ఉన్న కిటికీ ఖరీదైనదని మళ్లీ ఎవరిది వారు కట్టుకున్నారు. చరిత్ర పునరావృతమవుతుందన్న మాటకు ఇంతకన్న దృష్టాంతం వేరే వెతకనక్కరలేదు.

వీరిని తప్పుపట్టలేం. వారి లెక్కలు వారికున్నాయి. అయితే కిటికీ మూసినవారందరూ సొంత కిటికీ కట్టుకోలేదు. కట్టుకున్నవారైనా ప్రతి తలుపు దగ్గరా కట్టుకోలేదు. దాని మూల్యం 2013 మార్చిలో వాంకూవర్‌లో అందరి ఎదుటా కనిపించింది. బ్రౌజర్లను ఛేదించే పోన్ టు ఓన్ పోటీలో ఎండబ్ల్యూఆర్ ల్యాబ్స్ పరిశోధకులు గూగుల్ క్రోమ్‌ను పగలగొట్టారు. వారికి దొరికిన సందు ఒక స్టాటిక్ క్యాస్ట్. పుటలోని ఒక అంశం తప్పక ఎస్‌వీజీ బొమ్మకు చెందినదే అయి ఉంటుందని నమ్మి ఆ రకంలోకి దించారు. వారు అక్కడ బ్రౌజర్‌కే పరిచయం లేని ఒక హెచ్‌టీఎంఎల్ అంశాన్ని నిలబెట్టారు. అది ఎస్‌వీజీ అంశం కంటే చిన్నది. చిన్న వస్తువును పెద్దదనుకొని చదివితే పక్కవారి జ్ఞాపకం చేతికి వస్తుంది. దానికి విండోస్ లోపం ఒకటి జతచేసి యంత్రం మొత్తాన్ని వశం చేసుకున్నారు. పాలబ్బాయి అనుకొని తలుపు తీస్తే వచ్చినది దొంగ.

ఈ జాతి లోపాలకు 'టైప్ కన్‌ఫ్యూజన్' అని పేరు. 2015లో జార్జియా టెక్ పరిశోధకులు క్యాస్టులను నడిచేటప్పుడు పరీక్షించే కేవర్ అనే సాధనాన్ని కట్టి, అంతకుముందు ఎవరికీ తెలియని పదకొండు లోపాలను పట్టుకున్నారు. తొమ్మిది జీసీసీవారి ప్రామాణిక గ్రంథాలయంలోనే, రెండు ఫైర్‌ఫాక్స్‌లో. ఏళ్ల తరబడి లోకమంతా వాడిన ప్రోగ్రాములలో! క్లాంగ్ కంపైలర్ కూడా స్టాటిక్ క్యాస్టుకు నడిచేటప్పటి కాపలా పెట్టే ఏర్పాటు చేసింది. అది వస్తువును పేరు అడగదు, దాని పట్టిక చిరునామా అనుమతించిన హద్దులలో ఉందా అని మాత్రమే చూస్తుంది. కిటికీదాకా నడవకుండా తలుపుకే చిన్న రంధ్రం పెట్టుకోవడం వంటిది.

ఇతర భాషల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1995లో వచ్చిన జావా మొదటినుంచీ రెండవ గృహస్థు. అక్కడ ప్రతి అవరోహణకూ పరీక్ష తప్పదు. కంపైలర్ ముందే తేల్చుకోగలిగితే తప్ప మినహాయింపు లేదు. 2023లో వచ్చిన జావా 21లో వస్తువు రకాన్నిబట్టి దారులు చీల్చే స్విచ్ స్థిరపడింది. చూస్తే నాకు వెంటనే జ్ఞాపకం వచ్చినది 1967 నాటి ఇన్‌స్పెక్ట్. అయితే ఒక్క తేడా ఉంది. వారసులెవరో ముందే ప్రకటించి ముద్రవేసిన కుటుంబమైతే, ఒక దారి మరచిపోతే కంపైలరే హెచ్చరిస్తుంది. షడ్భుజి వచ్చి చేరితే ఎక్కడెక్కడ మరచిపోతారోనన్న స్ట్రౌస్ట్రప్ భయానికి ఇన్నాళ్లకు దొరికిన పరిహారం అది. సీ ప్లస్ ప్లస్ వారు 2025 జూన్‌లో సోఫియా నగరంలో సమావేశమై, ప్రోగ్రాము తన రకాలను తానే కంపైల్ సమయంలో పరిశీలించుకునే రిఫ్లెక్షన్‌ను రాబోయే ప్రమాణపు ముసాయిదాలో చేర్చుకున్నారు. రకాల గురించి ముందే తెలియగలిగినదంతా ముందే తెలుసుకోవాలి, తెలియనిదానికి మాత్రమే కిటికీ దగ్గరకు నడవాలి. ఇన్నేళ్ల కలహంలో రెండు పక్షాలూ మెల్లగా చేరుతున్న రాజీ ఇదేననిపిస్తుంది.

నా మటుకు నాకు ఈ చరిత్రలో తేలినది ఒక్కటే. వేగం కోసం నమ్మడం తప్పు కాదు. ఎవరిని నమ్ముతున్నామో, ఎందుకు నమ్ముతున్నామో రాసిపెట్టుకోకుండా నమ్మడం తప్పు. వికారమైన ఆ పొడుగు పేర్లు చేసే మేలు అదే: "ఇక్కడ నేను నమ్మాను" అని సంతకం పెట్టి ఒప్పుకోవడం.

అన్నట్టు, ఆ ఫైలులోనుంచి హెడర్ తీసివేసిన మహానుభావుడెవరో చెప్పనేలేదు కదూ. రెండు వారాలు గడిచాక మార్పుల చిట్టా తిరగేసి, మా పెద్దాయన గది మధ్యలో నిలబడి "ఎవరండీ ఇది?" అని అడిగారు.

"నేనే" అన్నాను.